తోడు కూర్చోవడం కూడా హక్కుల పనే

(గ్రామీణ మహిళా సంఘాల కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



'గ్రామాల్లో మానసిక సంక్షోభం - తోటివారి ఆసరా' అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నాకంటే ముందు డాక్టరుగారు మాట్లాడారు, లాయరుగారు మాట్లాడారు. నేను డాక్టర్నీ కాదు, లాయర్నీ కాదు. వరంగల్ వైపు పత్తి పండించే ఊరిదాన్ని. కష్టంలో ఉన్న మనిషి పక్కన కూర్చునే పనిని 2011 నుంచి మా ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మరికొంతమంది ఆడవాళ్లతో కలిసి చేస్తున్నాను. ఆ పనిలో మేం నేర్చుకున్న సంగతులు, చేసిన తప్పులు మీ ముందు పెట్టడానికే వచ్చాను. మంచి మాత్రమే చెప్పి తప్పులు దాచుకుంటే మీకు ఉపయోగం ఉండదు.

ఊరు పెట్టిన పేర్లు

'మానసిక సంక్షోభం' అన్న మాట మా ఊళ్లో ఎవరూ వాడరు. 'రంది పెట్టుకుంది' అంటారు. 'మనాది పట్టింది' అంటారు. ఇంకా ముదిరితే 'గాలి సోకింది' అంటారు. ఈ మాటల్లో మేలూ ఉంది, కీడూ ఉంది. రందికి ఒక కారణం ఉంటుందని ఊరికి తెలుసు. అప్పు రంది, బిడ్డ పెళ్లి రంది, ఎండిన బోరు రంది. మనిషి తలలో ఏదో చెడిపోయిందని కాకుండా, మనిషి బతుకులో ఏదో జరిగిందని ఆ మాట చెబుతుంది. అది మేలు. కాని 'రంది ఎవరికి లేదు?' అని తీసిపారేయడానికి కూడా అదే మాట పనికొస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ల రందిని.

చనిపోయాక పెట్టే పేరు ఇంకొకటి ఉంది. పేపర్లలో జిల్లా పేజీల్లో మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు: 'కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య'. ఇంతమంది ఆడవాళ్లకు ప్రాణం తీసుకునేంత కడుపునొప్పి ఎందుకు వస్తోందో ఎవరూ అడగరు. ఇంటివాళ్లు ఆ మాట చెబుతారు, స్టేషన్లో ఆ మాట రాసుకుంటారు, పేపరువాళ్లు ఆ మాటే అచ్చు వేస్తారు. కొట్టిన మొగుడు, పీడించిన అప్పు, పేరు మీదకు రాని భూమి అన్నీ ఆ కడుపునొప్పి వెనక దాక్కుంటాయి. ఆమె బతికి ఉండగానే ఆ అసలు మాట వినే మనిషి ఊళ్లో ఉండాలన్నదే మా ప్రయత్నం.

2005లో మా ఇల్లు

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. 2005 చలికాలంలో నా భర్త ఆత్మహత్య చేసుకున్నాడు. వరుసగా రెండేళ్లు పత్తి పోయింది, వేసిన బోరులో నీళ్లు పడలేదు, అప్పు పెరిగింది. నాకప్పటికి ముప్పై ఏళ్లు లేవు. ఇద్దరు పిల్లలు. అలా చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇవ్వాలని 2004లో 421 జీవో వచ్చి ఉంది. అది రావాలంటే అధికారులు విచారణ చేయాలి. చేశారు. వాకిట్లో కుర్చీలు వేయించుకుని, ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా అడిగారు: 'మీ ఇద్దరికీ గొడవలుండేవా? తాగేవాడా? ఆ రోజు నువ్వేమన్నావు?' భూమి మా మామగారి పేరు మీద ఉంది కాబట్టి చనిపోయినవాడు రైతు కాదని తేల్చారు. భార్యాభర్తల గొడవ అని రాసుకున్నారు. డబ్బు రాలేదు సరే, చావుకు కారణం నేనేనన్న మాట కాగితం మీదకెక్కింది.

ఆ మాట నా మనసులోకి కూడా ఎక్కింది. పదకొండో రోజు దాకా ఇంటినిండా చుట్టాలే. పన్నెండో రోజు ఎవరూ లేరు. మన ఊళ్లలో దుఃఖానికి ఒక గడువు ఉంటుంది. అది దాటాక ఏడిస్తే 'ఇంకా ఏడుస్తవేంది, పిల్లల మొఖం చూడు' అంటారు. రాత్రులు నిద్రపట్టేది కాదు. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలా అని లెక్కలు వేసుకునేదాన్ని. ఆ లెక్కలు దేనికో మీకు అర్థమవుతుంది.

అప్పుడు ఒకామె వచ్చింది. మాదిగవాడ మనిషి. కూలికి పోయేటప్పటి ముఖపరిచయం, అంతే. నాకంటే మూడేళ్ల ముందు ఆమె భర్త కూడా అలాగే పోయాడు. వచ్చి వాకిట్లో నిలబడింది. మా అత్తగారు లోపలికి రమ్మనలేదు. నేనూ అనలేదు. ఆమె అరుగు కింద నేల మీదే కూర్చుంది. 'ధైర్యంగా ఉండు' అనలేదు. 'పిల్లల కోసం బతకాలె' అనలేదు. చాలాసేపు ఊరకుండి, 'నాకు సుత రాత్రిపూటనే ఎక్కువుండేది చెల్లె' అంది. అంతే. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు మెల్లగా అడిగింది: 'సచ్చిపోవాలని అనిపిస్తున్నదా?' నేను భోరున ఏడ్చాను. అంతమంది వచ్చిపోయారు గాని ఆ మాట నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఇంట్లో మిగిలిన మందు డబ్బాలు ఆ రోజే తనతో పట్టుకుపోయింది.

ఆ తర్వాత ఆమె నాతో చేసిన పని మాటలు చెప్పడం కాదు. వితంతు పింఛను కోసం, భూమిలో నా పిల్లల వాటా కోసం మండలాఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో, అన్నిసార్లు కూలి పోగొట్టుకుని నాతో వచ్చింది. నా రంది తగ్గింది అంటే కొంత ఆమె పక్కన కూర్చున్నందుకు, కొంత ఆ కాగితాలు చేతికొచ్చినందుకు. ఈ రెండింటినీ నేను ఈ రోజుకీ విడదీసి చూడలేను.

'తోటివారి ఆసరా' అంటే నాకు అర్థమైంది అదే. ఆ దారిన నడిచి వచ్చిన మనిషి, పైనుంచి కాకుండా పక్కనుంచి మాట్లాడటం. రాత్రిపూట ఎక్కువగా ఉంటుందని ఆమెకు తెలుసు, అది ఎవరూ ఆమెకు నేర్పింది కాదు. అయితే ఆ రోజే అర్థం కావలసిన ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నన్ను బతికించడానికి వచ్చిన మనిషిని నేను లోపలికి రమ్మనలేదు. 'తోటివాళ్లు' అని సులభంగా అనేస్తాం. ఎవరు ఎవరికి తోటివాళ్లు, ఎవరు ఎవరి గడప దాటగలరు అన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. ఇప్పుడు మా బృందంలో పదకొండు మందిమి. ఆమె మా అందరికీ పెద్దక్క. ఏ ఇంట్లోనైనా ఆమెను గడప బయట ఉంచితే మేమంతా బయటే కూర్చుంటాం.

లెక్కల్లో మనం ఎక్కడ?

2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో స్త్రీలు 45,026 మంది. వీళ్లలో సగానికి పైగా, అంటే 23 వేలమందికి మించి, 'గృహిణులు' అన్న గడిలో ఉన్నారు. అదే ఏడాది సొంతంగానో కౌలుకో సేద్యం చేసే రైతుల గడిలో 5,318 మంది ఉంటే, వాళ్లలో ఆడవాళ్లు 211 మంది. కలుపు తీసేదెవరో, పత్తి ఏరేదెవరో ఇక్కడున్న మీ అందరికీ తెలుసు. పట్టా లేదు కాబట్టి ఆమె రైతు కాదు. రైతు కాదు కాబట్టి ఆమెది రైతు ఆత్మహత్య కాదు. ఇంటి లోపలి చావు అయిపోతుంది, కడుపునొప్పి అయిపోతుంది. తెలంగాణలో 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా కూడా పట్టా ఉన్నవాళ్లను చూసే పెట్టింది. కౌలుకు చేసే కుటుంబానికి, భూమి మామ పేరు మీదో అన్న పేరు మీదో ఉన్న కుటుంబానికి అది అందదు.

వైద్యం సంగతి చూద్దాం. 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. మానసిక సమస్యలతో ఉన్నవాళ్లలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా ఊరి మనిషి మానసిక వైద్యుణ్ణి చూడాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి - ఇన్ని పోగొట్టుకోవాలి.

మేం చేసే పని

మా పని పెద్ద శాస్త్రమేమీ కాదు. కాని దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అవి దెబ్బలు తిని నేర్చుకున్నవి.

మొదటిది, ఒక్కరం వెళ్లం, ఇద్దరం వెళ్తాం. ఇద్దరిలో ఒకరు అలాంటి కష్టం పడి వచ్చినవాళ్లయి ఉండాలి. మొదటి రోజు ఎక్కువ అడగం. ఆమె బియ్యం ఏరుతుంటే మేమూ ఏరుతాం, చిక్కుళ్లు ఒలుస్తుంటే మేమూ ఒలుస్తాం. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుతుంది. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ 'చెప్పు, చెప్పు' అంటే ఎవరూ చెప్పరు.

రెండోది, అనుమానం ఉంటే సూటిగా అడుగుతాం. 'అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో' అని మొదట్లో మాకూ భయం ఉండేది. అలా జరగదని డాక్టర్లు చెబుతారు, మా అనుభవమూ అదే. ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

మూడోది, అవునన్న మనిషిని ఆ రోజు ఒంటరిగా వదలం. పురుగుమందు ఇంట్లో ఉంటే, ఎవరికి అప్పగించాలో ఆమెనే అడిగి, ఇల్లు దాటిస్తాం. ఆపద ముంచుకొచ్చిందనుకుంటే 108కి ఫోన్ చేస్తాం, ఆసుపత్రికి వెంట వెళ్తాం. రాత్రి తోడుండే మనిషిని ఏర్పాటు చేస్తాం. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోన్ సాయం ఉంది, నంబరు 14416. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. డబ్బులు పడవు. ఆ నంబరు మా ఊళ్లో రేషను షాపు గోడ మీద రాయించాం.

నాలుగోది, తేదీలు పెట్టుకుంటాం. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు. చావు జరిగిన ఇంటికి పన్నెండో రోజు తప్పక వెళ్తాం. అప్పు గడువులు దగ్గరపడే రోజులు, పత్తి ధర తేలే రోజులు, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజులు గుర్తుపెట్టుకుంటాం. బతుకమ్మ పండుగ రోజుల్లో భర్త పోయినవాళ్ల ఇళ్లకు, పుట్టింటికి వచ్చేసినవాళ్ల ఇళ్లకు ముందే వెళ్లి పిలుచుకొస్తాం. ఊరంతా కలిసి ఆడే రోజే కొందరికి అన్నిటికంటే ఒంటరి రోజు.

అయిదోది, విన్న మాట బయట పెట్టం. ఒకసారి మాలో ఒకామె నీళ్ల కుళాయి దగ్గర నోరు జారింది. కావాలని కాదు, అయ్యో పాపం అనుకుంటూ చెప్పింది. ఆ మాట సాయంత్రానికి ఆమె అత్తగారింటికి చేరింది. ఆ అమ్మాయి ఏడాది పాటు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని ముందే అడుగుతాం. ప్రాణం మీదకొస్తే మాత్రం ఇంకొకరికి చెప్పక తప్పదని కూడా మొదటే చెబుతాం. అప్పుడైనా ఆమెకు తెలియకుండా చెప్పం.

ఆరోది, నెలకోసారి మేం పదకొండు మందిమీ మా కోసం కూర్చుంటాం. ఇంతమంది దుఃఖం విన్న మనిషికి నిద్ర పట్టదు. ఆ రోజు ఎవరికి బరువు ఎక్కువైతే వాళ్లు ఒక నెల మానేయవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు.

మగవాళ్ల సంగతేమిటి అని అడుగుతారు. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఆ తర్వాత బతుకు ఈడ్చేది ఆడవాళ్లు. మగవాడు ఏడవకూడదు, అప్పు సంగతి ఇంట్లో చెప్పకూడదు అన్న కట్టుబాటు మనల్నీ వాళ్లనీ కూడా తింటోంది. ఇప్పుడు ముగ్గురు మగవాళ్లు మాకు తోడుగా పనిచేస్తున్నారు. ఇళ్లలో కంటే చాయ్ హోటల్ దగ్గర, పత్తి అమ్ముకోవడానికి పోయేటప్పుడు ట్రాక్టరు మీద వాళ్ల మాటలు సాగుతాయి.

అరుగు మీద కూర్చున్న రోజు

ఇప్పుడు తప్పుల సంగతి. 2010లో సూక్ష్మరుణ కంపెనీలు మన ఊళ్లను ఎలా చుట్టుముట్టాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్లను గుంపులుగా కూర్చి అప్పులిచ్చారు. ఒకరు వారం కిస్తు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. కంపెనీ మనిషి అరవనక్కర్లేదు, మాచేతనే అరిపించాడు. కిస్తు తప్పిన ఒకామె ఇంటి అరుగు మీద మేం అయిదుగురం పొద్దున్నుంచి చీకటిపడేదాకా కూర్చున్నాం. నానా మాటలన్నాం. పొయ్యి వెలిగించుకోనివ్వలేదు. ఆ రాత్రి ఆమె పిల్లల్ని తీసుకుని ఊరు విడిచిపోయింది. ఎక్కడో బతికే ఉందని చాలా రోజులకు తెలిసింది. అది మా అదృష్టం. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఎన్నో ఊళ్లలో ఆడవాళ్లు ఆ అప్పుల వల్ల చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక గాని ఆ వసూళ్లు ఆగలేదు.

ఆ అయిదుగురిలో నేనొకదాన్ని. 2005లో నా ఇంటి ముందు నేల మీద ఒకామె తోడుగా కూర్చుంది. 2010లో నేను ఇంకొకామె అరుగు మీద వసూలుకు కూర్చున్నాను. రెండూ ఆడవాళ్లు ఆడవాళ్ల దగ్గరికి వెళ్లడమే. రెండూ సంఘటితమవడమే. కాబట్టి 'ఆడవాళ్లు కలిస్తే చాలు' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏ పని మీద కలిశారు, ఎవరి తరఫున వెళ్లారు అన్నది చూడాలి. ఆ సిగ్గులోంచే మర్నాటి ఏడు మా బృందం పుట్టింది. అందుకే మాకు ఒక కట్టుబాటు ఉంది. ఆసరాకు వెళ్లేవాళ్లు ఆ ఇంటి అప్పు వసూలుకు వెళ్లరు. పొదుపు సంఘం లెక్కలకూ ఈ పనికీ ముడిపెట్టం.

'సర్దుకుపో' అనడం ఆసరా కాదు

రెండో తప్పు ఇంకా పెద్దది. పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక చిన్నపిల్ల, ఇరవై రెండేళ్లుంటాయేమో, మా దగ్గరకు వచ్చింది. మొగుడు తాగి కొడతాడు. మేం అన్నీ సరిగ్గానే చేశామనుకున్నాం. విన్నాం, పక్కన కూర్చున్నాం, అన్నం తినిపించాం. పెద్దమనుషులతో కలిసి మొగుడితో మాట్లాడాం. వాడు చేతులు జోడించాడు. మేం ఆ పిల్లతో, 'పిలగాడు చిన్నోడు, ఒక్కసారి చూడు బిడ్డా' అన్నాం. ఆమె మామీద గౌరవంతో తిరిగి వెళ్లింది. పదిరోజులకు ఆమె లేదు. పేపర్లో కడుపునొప్పి అని వచ్చింది.

ఈ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది రేపు ఇదే పని చేస్తారు. మన మంచి మాట, మన ఓదార్పు ఆమెకు ఇంకో దారి లేదని నమ్మించడానికి కూడా పనికొస్తుంది. ఆమె మనసును మాత్రమే బాగుచేసి, ఆమె మనసును విరిచిన ఇంటికి తిరిగి పంపితే, మనం ఆ ఇంటివాళ్ల పని చేసినట్టు.

ఇప్పుడు మా మొదటి ప్రశ్న: 'ఇంట్లో ఎవరి వల్లనన్నా భయముందా?' ఉందంటే రాజీ మాట మా నోట రాదు. ఆమె ఎక్కడ ఉండాలనుకుంటోందో అడుగుతాం. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో నివసించే హక్కు ఆమెకుంది, కొట్టకుండా రక్షణ ఉత్తర్వు అడిగే హక్కు ఉంది, రక్షణ అధికారి సాయం చేయాలి. ఐపీసీలో 498ఏ అని మనకు తెలిసిన సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85గా మారింది. 181కి ఫోన్ చేయవచ్చు. ఇవన్నీ ఆమెకు చెబుతాం. నిర్ణయం ఆమెదే. వెళ్లనంటే తిట్టం. వెళ్తానంటే వెంట ఉంటాం. తిరిగి ఆ ఇంటికే పోతానంటే కూడా వెళ్లి కలవడం మానం.

ఆసుపత్రికి బదులు కాదు

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఇంటివాళ్లు ఇప్పటికీ జంకుతారు. 'కేసవుతది' అంటారు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఆ భయంతోనే చేర్చుకోవు. అలా పోయిన గంటల్లో ప్రాణాలు పోయాయి. కాబట్టి ఈ సంగతి ఊరూరా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 115వ సెక్షను ప్రకారం ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వేరేలా రుజువైతే తప్ప విచారణ గాని శిక్ష గాని ఉండకూడదు. ఆమెకు సంరక్షణ, చికిత్స ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. పాత 309 సెక్షను కొత్త సంహితలో లేదు. అధికారి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మాత్రం 226వ సెక్షను కింద నేరంగానే ఉంచారు. మందు కోసం, పింఛను కోసం, భూమి కోసం ఆఫీసు ముందు ప్రాణం మీదకు తెచ్చుకునే పేదవాళ్ల మీద దీన్ని వాడకుండా మనం కాపు కాయాలి.

అదే చట్టం ప్రకారం మానసిక వైద్యం పొందడం హక్కు. తన సంగతి గోప్యంగా ఉంచమనడం హక్కు. సమాజంలో అందరితో కలిసి బతకడం హక్కు. గొలుసులతో కట్టడం నిషేధం. వింత మాటలు, వింత శబ్దాలు వినిపిస్తున్నాయన్న మనిషికి, రోజుల తరబడి తిండీ నిద్రా లేని మనిషికి, కాన్పు తర్వాత బిడ్డను దగ్గరకు తీసుకోలేకపోతున్న తల్లికి మా తోడు ఒక్కటే చాలదు. డాక్టరు కావాలి, మందులు కావాలి. గుడికో దర్గాకో పోతామంటే మేం వద్దనం. డాక్టరు దగ్గరకు కూడా రమ్మంటాం. వెంట వెళ్తాం. మందులు తెచ్చాక ఎలా వాడాలో ఆమెకు అర్థమయ్యేదాకా అడిగి తెలుసుకుంటాం.

చవక వైద్యం అనుకోవద్దు

తోటివాళ్ల ఆసరా పనిచేస్తుందా అని అనుమానించే రోజులు పోయాయి. జింబాబ్వేలో 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారే నగరంలోని ఎంబారేలో 14 మంది పెద్దవయసు ఆడవాళ్లతో ఒక పని మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక బెంచీ వేసి, ఆ అమ్మమ్మలు మనుషుల కష్టాలు వింటారు. అక్కడి షోనా భాషలో మన రందికి సరిపోయే మాట ఉంది - 'కుఫుంగిసిస', అంటే అతిగా ఆలోచించడం. ఆ మాటతోనే వాళ్లు పని ప్రారంభించారు. తర్వాత అది పల్లెలకూ పోయింది. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఊరివాళ్లే ఊరివాళ్లకు తోడుండే కార్యక్రమం పేరు 'ఆత్మీయత'. మనకు తెలిసిన మాటే. మనలాగే పత్తి పండించి, మనలాగే రైతుల్ని పోగొట్టుకున్న విదర్భలో, అమరావతి జిల్లాలోని 30 గ్రామాల్లో 'విశ్రామ్' అనే కార్యక్రమం ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి నడిపారు. కుంగుబాటులో ఉన్నవాళ్లలో సాయం కోరి వచ్చినవాళ్లు అంతకుముందు 4 శాతం ఉంటే, 18 నెలలకు 27 శాతం అయ్యారు.

ఇవి విని ప్రభుత్వాలు సంతోషిస్తాయి. 'డాక్టర్లు అక్కర్లేదన్నమాట, ఆడవాళ్లున్నారుగా' అంటాయి. ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఆశా వర్కర్ల విషయంలో ఏం జరిగిందో చూశాం. 2005 నుంచి ఒక్కొక్క పనీ వాళ్ల నెత్తిన పెడుతూ వచ్చారు, జీతం మాత్రం అడిగినప్పుడల్లా 'మీరు స్వచ్ఛంద కార్యకర్తలు' అన్నారు. ఓదార్చడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణమని, దానికి డబ్బెందుకని అంటారు. పుట్టుకతో రాలేదు. నేర్చుకున్నాం. దానికి కూలి పోతోంది, బస్సు చార్జీలు పోతున్నాయి, నిద్ర పోతోంది.

ఇంకొకటి. మనుషుల్ని ఓదార్చడం ఎంత చేసినా, విషం చేతికందేలా ఉంటే చావులు ఆగవు. శ్రీలంకలో 1980లలో మొదలుపెట్టి అతి విషపు పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించారు. 1995 తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అక్కడే ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి, మందు డబ్బాలు అందులో పెట్టుకోమని కూడా చూశారు. ఆ పెట్టెల వల్ల తగ్గినట్టు కనపడలేదని 2017లో తేలింది. అంటే బాధ్యతను ఇంటి మీద, ఇల్లాలి మీద పెడితే కాలేదు, ప్రభుత్వం అమ్మకం ఆపితే అయింది. దీన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

మనం అడగవలసినవి

ఈ సదస్సు తీర్మానాల్లో చేర్చమని కొన్ని ముందుంచుతున్నాను. తోటివారి ఆసరా పనిచేసేవాళ్లకు గౌరవప్రదమైన వేతనం, ప్రయాణ ఖర్చులు, శిక్షణ ఇవ్వాలి. వాళ్లను ఎన్నుకునేది ఊరి సంఘాలు కావాలి, అందులో దళిత, ఆదివాసీ, మైనారిటీ స్త్రీలు, ఒంటరి స్త్రీలు ఉండి తీరాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలలో తెలిసిన రోజున మానసిక వైద్యం దొరకాలి, మందులు ఉచితంగా ఉండాలి. ఆత్మహత్యాయత్నం కేసుల్ని చేర్చుకోని ఆసుపత్రుల మీద చర్య తీసుకోవాలి. పెళ్లైన స్త్రీ చనిపోతే 'కడుపునొప్పి' అన్న మాటతో ఫైలు మూసే పద్ధతి పోవాలి. పట్టా లేకపోయినా సేద్యం చేసే స్త్రీని రైతుగా లెక్కించాలి. చావు జరిగిన ఇంట్లో విచారణ పేరుతో భార్యను ఊరి ముందు నిలబెట్టడం ఆపాలి. అతి విషపు పురుగుమందులను నిషేధించాలి.

తీర్మానాలు అమలయ్యేదాకా ఊళ్లలో రాత్రులు ఆగవు. అందుకని మీతో ఒక్క మాట. మీరు తిరిగి వెళ్లాక, ఈ మధ్య మీ ఊళ్లో ఏ ఇంట్లో చావు జరిగిందో గుర్తుచేసుకోండి. పన్నెండో రోజు దాటిందా? ఎవరైనా వెళ్లారా? మీరు వెళ్లండి. మీతో ఇంకొకరిని తీసుకెళ్లండి. చెప్పడానికి ఏమీ తోచకపోయినా ఫరవాలేదు. నా ఇంటికి వచ్చినామె కూడా మొదటి రోజు ఒక్క మాటే అంది.